కాష్‌ని కోర్ల కిందకి మార్చడం వల్ల నిజంగా లాభం ఉందా?

ఏఎమ్‌డీ 2024 నవంబర్‌లో తెచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డీ అనే కంప్యూటర్ ప్రాసెసర్‌లో అదనపు కాష్‌ని (తరచూ వాడే డేటాని చేతికందేలా ఉంచే వేగవంతమైన మెమరీ) కోర్ల (లెక్కలు చేసే భాగాల) కింద పెట్టారు కదా, ఇది ఉత్త ప్రచారమేనా అని అడిగారు. కాదు. నా దృష్టిలో దీని అసలు కిటుకు అదే.

ఇదే తరహా పాత చిప్, 2022 నాటి 5800ఎక్స్3డీలో 64 ఎంబీ కాష్ ముక్కని ప్రాసెసర్ చిప్ పైన అతికించారు. మొత్తం ఎల్3 కాష్ (కోర్లన్నీ పంచుకునే కాష్) 96 ఎంబీ అయింది, గేములు దూసుకెళ్ళాయి. కానీ కోర్ల వేడి కూలర్‌కి చేరాలంటే పైన ఉన్న అదనపు సిలికాన్ పొరని దాటాలి. ఎండలో దుప్పటి కప్పుకుని పరిగెత్తినట్టన్నమాట! గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్‌కి తగ్గించడానికి (అదనపు కాష్ లేని మామూలు 5800ఎక్స్‌ది 4.7), ఓవర్‌క్లాకింగ్‌కి (చిప్‌ని దానికి పెట్టిన వేగం మించి నడపడానికి) తాళం వేయడానికి అదీ ఒక కారణం. కొత్తదాంట్లో కోర్లు పైకొచ్చి కూలర్‌కి దగ్గరయ్యాయి. వేగం 5.2కి చేరింది, తాళం కూడా తీశారు.

లోపమా? ఉన్నవి ఎనిమిది కోర్లే. వీడియో రెండరింగ్ లాంటి పనులకి కాష్ కన్నా కోర్ల సంఖ్యే ముఖ్యం కాబట్టి అక్కడ పదహారు కోర్ల చిప్ ముందు ఇది తేలిపోతుంది. గేముల్లోనూ 4కే రిజల్యూషన్‌లో ఆడితే భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, అప్పుడు ఈ కాష్ తెచ్చే తేడా చాలాసార్లు కంటికి ఆనదు.