'ఫైన్' అంటే ఒక్క 'బాగుంది' అనేనా?

'ఫైన్ అంటే బాగుంది అని నేర్చుకున్నాం, మరి ఫైన్ రైస్ అంటే మంచి బియ్యమా?' అన్నది ప్రశ్న. కాదు, సన్నబియ్యం, మన నెల్లూరు మసూరి లాంటివి. ఫైన్ శాండ్ సన్న ఇసుక, ఫైన్ పౌడర్ మెత్తటి పొడి. ఒప్పందం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉండే షరతులు ఫైన్ ప్రింట్. ఫైన్ సింగర్ అంటే మాత్రం మేటి గాయకుడే.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మనుషుల విషయంలో. 'ఐ యామ్ ఫైన్' అంటే కులాసా. అదే మాట, 'ఇంకాస్త పులుసు వెయ్యమంటారా?' అన్నప్పుడు వస్తే 'వద్దు, చాలు' అని. అది విని గరిటె వంచేస్తే అతిథికి ఇబ్బంది. ముక్తసరిగా 'ఫైన్!' అంటే చాలాసార్లు 'సరే, నీ ఇష్టం' అన్న అలక. దాన్ని సంతోషంగా ఒప్పుకోవడం అనుకోవద్దు.

జ్వరం తగ్గుతోందని చెప్పడానికి 'ఫైనర్' అనకూడదు, 'బెటర్' అనాలి. ఫైనర్ అంటే మరింత సన్నం, లేదా మరింత మేలురకం.

జరిమానా అనే ఫైన్ నామవాచకం. ఈ ఫైన్‌కీ, పైన చెప్పిన ఫైన్‌కీ మూలం లాటిన్‌లో 'ముగింపు' అనే అర్థమున్న 'ఫీనిస్' అనే మాటే.