భయం రక్తంలో ఉండదమ్మా

అమ్మాయీ,

అమెరికాలో ఉంటున్న మన జంట మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పదకొండో పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేసి కాసేపు బయట తిరిగొచ్చాను. అంత కోపం వచ్చింది. "భయం, అనుమానం అమెరికావాడి రక్తంలోనే ఉన్నాయి" అని భర్త చేత అనిపించావు. అక్కడితో ఆగక, 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసిన విచారణ నుంచి, 1950ల్లో కమ్యూనిస్టులంటూ మనుషుల్ని వేటాడిన సెనేటర్ మెకార్థీ దాకా రెండు పేజీల చరిత్ర చెప్పించావు. వంటింట్లో నిలబడి పెళ్ళాంతో అలా ఎవరు మాట్లాడతారమ్మా?

రక్తం అన్నావు కాబట్టి ఒక సంగతి చెప్తాను. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, 1942 ఫిబ్రవరిలో అమెరికా పశ్చిమ తీరం రక్షణ చూస్తున్న జనరల్ జాన్ డివిట్ పైవాళ్ళకు ఒక నివేదిక పంపాడు. జపాన్‌వాళ్ళ పిల్లలు ఈ గడ్డ మీద పుట్టినా, పౌరులైనా, ఆ జాతి గుణం పలచబడలేదని అందులో రాశాడు. ఇంతవరకూ ఏ విధ్వంసమూ జరగకపోవడమే ఇకముందు జరుగుతుందనడానికి గుర్తు అనీ రాశాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఏమీ చెయ్యకపోవడమే నేరమైతే ఆ మనిషి ఇంకేం చెయ్యాలి? ఆ నెల 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వాళ్ళను తరలించడానికి వీలిచ్చే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాదాపు 1,20,000 మందిని ఇళ్ళలోంచి లేపి తీసుకుపోయారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. చేత్తో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు. కుటుంబం నంబరు రాసిన చీటీ కోటుకు కట్టారు. శాంటా అనీటా గుర్రప్పందేల మైదానంలో, గుర్రాల కొట్టాల్లో కొన్ని నెలలపాటు సంసారాలు పెట్టించారు. ఇప్పుడు నీ భర్త పాత్ర అన్న మాట, ఆ జనరల్ రాసిన మాట పక్కపక్కన పెట్టి చూడు.

అసలు జపాన్ బాంబులు పడ్డది హవాయిలో. అక్కడి జనాభాలో మూడోవంతుకు పైగా జపాన్ మూలాలవాళ్ళే. వాళ్ళను మాత్రం మూకుమ్మడిగా తరలించలేదు. తరలిస్తే పనులు ఆగిపోతాయి. కాలిఫోర్నియాలో అయితే వాళ్ళు సాగుచేసే పొలాల మీద కన్నేసినవాళ్ళున్నారు. అదే దేశం, అదే యుద్ధం. మరి రక్తం హవాయిలో ఏమైంది? భయానికి ఒక ఊరుంటుంది, ఒక తారీఖుంటుంది, దానివల్ల బాగుపడేవాడొకడుంటాడు. వాటిని పట్టుకోవడమే కథ రాసేవాడి పని. ఇన్నేళ్ళ రాతలో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

1987లో మేం న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉండేవాళ్ళం. భారతీయుల్ని ఊళ్ళోంచి తరిమేస్తామని ఒక ముఠా అక్కడి పత్రికకు ఉత్తరం రాసింది. డాట్‌బస్టర్స్ అని పేరు పెట్టుకున్నారు. డాట్ అంటే మన బొట్టు. మా ఆవిడ బయటికి వెళ్ళేముందు బొట్టుబిళ్ళ తీసి తలుపు వెనక అంటించేది. తిరిగొచ్చి, చెప్పులు విప్పకముందే మళ్ళీ పెట్టుకునేది. జిగురు పోయినవి అక్కడే ఉండిపోయేవి. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, ఇంటాయన డిపాజిట్ ఎక్కడ పట్టుకుంటాడో అని చాకుతో గీకి తీశాను. దాని మీద కథ రాసి పంపిస్తే, ఒక సంపాదకుడు తలుపునూ బొట్టుబిళ్ళలనూ కొట్టేసి, ఆ చోట "పాశ్చాత్య సమాజపు జాత్యహంకారం" అని తన మాట పెట్టి అచ్చువేశాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఎన్నారై కథంటే సిద్ధాంతమైనా ఉండాలి, ఆవకాయైనా ఉండాలి అనుకునేవాళ్ళు ఇవాళా ఉన్నారు. వాళ్ళకోసం రాయకు.

ఇంకో మాట. నీ కథలో ఎదురింటి ముసలావిడ కర్టెన్ తప్పించి చూస్తుంది, అంతే. కర్టెన్ వెనక ఆమె ఏం చేస్తోందో, రాత్రిపూట ఏ చప్పుడుకు లేచి కూర్చుంటుందో నువ్వు చూడలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేతెలో మన హైదరాబాదు ఇంజనీరును ఇరాన్‌వాడనుకొని కాల్చి చంపారు కదా. ఆ తర్వాత వారం రోజులకో ఏమో, సరుకులు కొనుక్కొని వచ్చి కారులో కూర్చున్నాను. ఎవరో మనిషి నావైపు నడిచొస్తున్నాడు. నా చెయ్యి దానంతటదే లాక్ నొక్కింది. టక్‌మన్న చప్పుడు అతనికి వినపడింది. ఒక్క క్షణం నిలబడి నన్ను చూసి, పక్కకు తిరిగి వెళ్ళిపోయాడు. నేను ఇక్కడ పుట్టినవాణ్ణి కాదు. నా చేతికి ఆ పని ఎవరు నేర్పారు? నీ కథలో భార్య చెయ్యి కూడా ఎక్కడో ఒకచోట అలా లాక్ నొక్కే ఉంటుంది. అది రాయి.

ఏ పత్రికకు పంపాలి, మాండలికం ఎంతవరకు వాడొచ్చు అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు పేజీల చరిత్ర తీసేసి, ముసలావిడ ఇంట్లోకి వెళ్ళిరా. నీ కథలో కరీంనగర్ నుంచి నాన్న వీడియో కాల్‌లో "బయట తెలుగులో మాట్లాడకు బిడ్డా" అంటాడు చూడు, తనింట్లో, తన మంచం మీద కూర్చొని, గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించడం దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. ఆ లైను మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు