పైపు బెండు అవతలి వైపు కూడా కొలువమ్మా

చిరంజీవి రమ్యకు,

నువ్వు ఇన్‌స్పెక్షన్‌లో చేరావని అక్క చెప్పింది. ప్లాంటు ఆపి చూసే మొదటి షట్‌డౌన్‌లోనే బాయిలర్ ఫీడ్ వాటర్ లైన్లు, అంటే బాయిలర్‌కు నీళ్లు అందించే పైపులు, అప్పజెప్పారట, టెన్షన్ పడుతున్నావట. ఆ లైన్ల మీద గోడ మందం కొలిచే గేజి పట్టుకుని ముప్ఫై ఏళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

తుప్పంటే ఆక్సిజన్ పని అని కదా చదువుకున్నాం. ఇక్కడ కథ తిరగబడుతుంది. కార్బన్ స్టీలు పైపు లోపల మాగ్నెటైట్ అనే నల్లటి పొర పట్టి గోడను కాపాడుతుంటుంది. ఆక్సిజన్ బాగా తీసేసిన వేడి నీటిలో ఆ పొర కొద్దికొద్దిగా కరుగుతుంది, 130 నుంచి 150 డిగ్రీల దగ్గర మరీ ఎక్కువ. నీరు నెమ్మదిగా పోతే గోడ పక్కన ఇనుము నిండి కరగడం మందగిస్తుంది. బెండులో, అంటే పైపు వంపు తిరిగే చోట, ఆ వీలు ఉండదు. ప్రవాహం బయటి గోడ వైపు ఒరుగుతుంది, జంట సుడులు లేస్తాయి, చెంచాతో కలిపిన కాఫీలో చక్కెరలా పొర కరిగిపోతూనే ఉంటుంది. కింది ఇనుము మళ్లీ పొరగా మారుతుంది, అదీ కరుగుతుంది. బయటికి చుక్క కూడా కారదు.

మన లంకల్లో గోదావరి మలుపు ఒడ్డును కోయడం చూశావుగా. కానీ అక్కడ మట్టి కొట్టుకుపోతుంది, ఇక్కడ లోహమే కరుగుతుంది. అందుకే ఇసుక రేణువు లేని అద్దంలాంటి నీరైనా పైపును తినేస్తుంది.

ఒకసారి నేను నిచ్చెన అందిన వైపే కొలిచి, బాగుందని సంతకం పెట్టాను. తరువాతి షట్‌డౌన్‌లో స్కాఫోల్డింగ్ కట్టించి అవతలి వైపు చూస్తే సగం మందం లేదు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నా, బెండు చుట్టూ గళ్లు గీసి ప్రతి గడీ కొలువు. బయటి వంపుతో ఆపకు, దాని తరువాత రెండు వ్యాసాల దూరం దాకా తిన్నటి పైపు కూడా చూడు. పక్కపక్కనే రెండు బెండ్లుంటే అరుగుదల ఎక్కడ తేలుతుందో ముందే చెప్పలేం.

కొత్త పైపు మందమే 12.5 శాతం దాకా తక్కువ ఉండొచ్చు కాబట్టి, మొదటి రీడింగు లేకపోతే ఎంత అరిగిందో తేల్చలేవు. వేడిగా ఉన్న పైపు మీద గేజి మందం ఎక్కువ చూపిస్తుంది, ఇంచుమించు ప్రతి 55 డిగ్రీలకు 1 శాతం. ఆ లెక్క తీసేయకుండా రాయకు.

లిస్టులో ఉన్న పాయింట్లే కొలిచి రావద్దు, లిస్టును డ్రాయింగుతో సరిచూసుకో. జపాన్‌లోని మిహామా అణు కేంద్రం మూడో యూనిట్‌లో, 1976లో అది నడక మొదలుపెట్టినప్పటి నుంచీ ఒక పాయింటు ఎవరూ కొలవలేదు, తనిఖీ జాబితాలోనే లేదు. ఆరిఫిస్, అంటే ప్రవాహం కొలిచే చిల్లు బిళ్ల, తరువాత ఉన్న ఆ 10 మిల్లీమీటర్ల గోడ పలచబడి 2004 ఆగస్టు 9న పగిలింది. ఐదుగురు పోయారు. కాబట్టి ఆరిఫిస్, కంట్రోల్ వాల్వ్, పైపు సైజు తగ్గించే రెడ్యూసర్ తరువాతి చోట్లు కూడా నీ బెండ్లతో సమానమే అనుకో.

మార్చాల్సి వస్తే మళ్లీ అదే కార్బన్ స్టీలు వేయనివ్వకు. ఒకటింపావు శాతం క్రోమియం ఉన్నది అడుగు, స్టోర్స్ వాళ్లు సణిగినా సరే. ఆ కొత్త ముక్క తరువాత ఉండే పాత ముక్కను కొలవడం మాత్రం వదలకు, అరుగుదల అక్కడ మొదలవుతుంది.

స్కాఫోల్డింగ్ ఇండెంటు ఇప్పుడే పెట్టు, షట్‌డౌన్ మొదలయ్యాక అడిగితే దొరకదు. ఆదివారం ఫోన్ చెయ్యి, గళ్లు ఎంత దూరంలో గీయాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య