పర్షియన్ మాటలు వచ్చాయి, వాక్యం అర్థం కావడం లేదు: ఎంఏలో చేరవచ్చా?

ప్రశ్న: బీఏ చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా పర్షియన్ లిపి, కొంత పదజాలం నేర్చుకున్నాను. అయినా వాక్యాలు కొరుకుడు పడటం లేదు. ఎంఏ పర్షియన్ చేస్తే ఉపాధి ఉంటుందా?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందు వాక్యం సంగతి చూద్దాం. నిజానికి పర్షియన్ వ్యాకరణం తెలుగువాళ్లకు అనుకూలమే. క్రియ చివర వస్తుంది, నామవాచకాలకు లింగభేదం లేదు, మన 'ను', 'ని' చేసే పనిని చాలాచోట్ల 'రా' చేస్తుంది. చిక్కంతా మరో రెండు చోట్ల ఉంది.

మొదటిది 'ఎజాఫె', అంటే రెండు మాటలను కలిపే 'ఎ' శబ్దం. 'కెతాబె బొజోర్గ్' అంటే పెద్ద పుస్తకం. ముందు పుస్తకం, తర్వాత పెద్ద. మన వరుసకు తలకిందులు. రెంటినీ కలిపే ఆ 'ఎ'ని సాధారణంగా రాయరు, చదివేవాళ్లే పలకాలి. ఏ మాట దేనికి అతుకుతుందో పట్టుకోలేకపోతే, ప్రతి మాటా తెలిసినా వాక్యం విడిపోయి కనిపిస్తుంది. రోజూ ఒక పేరా తీసుకుని ఎజాఫెలను పెన్సిలుతో గుర్తుపెట్టి, పైకి చదవండి.

రెండోది జంట క్రియలు. 'ఖోర్దన్' అంటే తినడం. కానీ 'జమీన్ ఖోర్దన్' కింద పడటం, 'సర్మా ఖోర్దన్' జలుబు చేయడం, 'గూల్ ఖోర్దన్' మోసపోవడం. 'కొతక్ ఖోర్దన్' మాత్రం మనకు వెంటనే అర్థమవుతుంది: దెబ్బలు తినడమే! ఇలాంటివాటిని విడదీయకుండా జంటగానే నోట్సులో రాసుకోండి.

ఇక ఉపాధి. నేటి వాడుక పర్షియనా, పాత పత్రాల పర్షియనా, ఏది కావాలో మీరు ముందే తేల్చుకోవాలి. టెహ్రాన్ వీధిలో 'మీరవమ్' (వెళ్తున్నాను) 'మీరమ్' అవుతుంది, 'నాన్' 'నూన్' అవుతుంది. దుకాణదారు 'ఘాబెల్ నదారె' అని, అంటే ఇదెంతటిది లెండి అని, డబ్బు వద్దంటాడు. అది మర్యాద మాట, డబ్బు ఇవ్వాల్సిందే! అనువాదకులకు, దుబాసీలకు ఇవన్నీ తప్పవు. అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే పర్షియన్ రూపమైన దరీ కూడా కొంత తెలిస్తే మేలు.

చరిత్ర విద్యార్థిగా మీకు రెండో దారి నప్పుతుందని నా అభిప్రాయం. నిజాం రాజ్యంలో 1880ల వరకు పాలనా భాష పర్షియనే. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలపు పత్రాలు ఉన్నాయి. భారత పురావస్తు శాఖకు అరబిక్, పర్షియన్ శాసనాల కోసం నాగపూర్‌లో ప్రత్యేక విభాగం ఉంది. ఇక్కడ వీధి భాషకన్నా 'షికస్తా' గొలుసుకట్టు రాతను చదవగలగడం ముఖ్యం. స్వయంగా నేర్చుకున్నవాళ్లు సాధారణంగా దీని జోలికి పోరు.

పోస్టులు మాత్రం తక్కువ. కాబట్టి చరిత్రను వదిలి పర్షియన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చరిత్రలో ఎంఏ చేస్తూ పర్షియన్‌ను పరిశోధనకు పనిముట్టుగా పెంచుకోవడం ఒక పద్ధతి. బోధన వైపు వెళ్లాలంటే పర్షియన్‌లోనే ఎంఏ, ఆపై నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాయవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో పర్షియన్ విభాగాలున్నాయి. డిగ్రీలో ఆ భాష చదవనివాళ్లకు ఎంఏలో ప్రవేశం ఉంటుందా, లేక ముందు డిప్లొమా చేయాలా అన్నది దరఖాస్తుకు ముందే విభాగానికి వెళ్లి అడగండి.