ఆదివారం బీరుకూ మినహాయింపు లేదమ్మా

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. రెండు నెలల కిందట పైకడుపులో భరించలేని నొప్పి వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. క్లోమం వాచింది, ఇక మందు ముట్టొద్దన్నారు. విస్కీ మానేశారు గానీ ఆదివారం ఒక్క స్ట్రాంగ్ బీరు, రోజూ ఏడెనిమిది సిగరెట్లు మామూలే. అడిగితే ‘బీరు కూడా మందేనా’ అంటారు. కాకర రసం తాగిస్తే క్లోమం శుభ్రమవుతుందని మా ఆడపడుచు చెబుతోంది. నిజమేనా?
– ఓ సోదరి, కరీంనగర్

జవాబు: ముందు ఆ బీరు లెక్క తేల్చేద్దాం. ఖాళీ సీసా ఉంటే లేబుల్ చూడండి. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది, అంటే 52 మి.లీ. 60 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది 26 మి.లీ.కి మించదు. అంటే ఆయన తాగే ‘ఒక్క బీరు’ రెండు పెగ్గులతో సమానం!

క్లోమం జీర్ణాశయం వెనకాల జానెడు కంటే కాస్త చిన్నగా ఉంటుంది. తిండిని అరిగించే ఎంజైములూ ఇన్సులినూ తయారయ్యేది అక్కడే. మామూలుగా ఆ ఎంజైములు పేగులోకి వెళ్లాకే పని మొదలుపెడతాయి, వాపు వచ్చినప్పుడు మాత్రం లోపలే మొదలుపెట్టి క్లోమాన్నే అరిగించేస్తాయి, ఆయన పడ్డ నొప్పి అదే. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే అది గట్టిపడిపోతుంది, ఆ తర్వాత తిన్నది వంటబట్టదు, షుగర్ కూడా వస్తుంది. గట్టిపడిన భాగం మళ్లీ మామూలు కాదు.

సిగరెట్ల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ‘మందు మానేశా సార్’ అని గర్వంగా చెప్పి, గేటు దాటగానే వెలిగించుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. పొగాకు ఒక్కటే అయినా క్లోమాన్ని దెబ్బతీస్తుంది, మందు తోడైతే మరీ వేగంగా. క్లోమ క్యాన్సర్ ముప్పు పొగతాగేవాళ్లకు దాదాపు రెట్టింపు. అందుకే రెండూ ఒకేసారి మానాలి. ఒంటరిగా కష్టమైతే మాన్పించే మందులున్నాయి, డాక్టర్‌ని అడగడానికి మొహమాటం వద్దు.

మందు తాగుతారు కదా అని కారణం అక్కడితో తేల్చేయకండి. పిత్తాశయంలో రాళ్లున్నాయేమో స్కానింగ్‌లో చూశారా? ఉంటే వాటి సంగతి తేల్చుకోకపోతే నొప్పి మళ్లీ రావచ్చు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎంతుందో కూడా చూపించండి, 1000 దాటితే అవే వాపు తెప్పిస్తాయి. బరువెక్కువుంటే మెల్లగా, వారానికి అరకిలో చొప్పున తగ్గాలి, ఒక్కసారిగా కడుపు మాడ్చుకుంటే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. నూనె వంటలు తగ్గించి, కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టండి.

నొప్పి మళ్లీ వచ్చి వీపులోకి పాకినా, వాంతులైనా గ్యాస్ మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కాకర రసంతో క్లోమం శుభ్రం కాదమ్మా, అదేమన్నా గిన్నెనా కడగడానికి? కాకరకాయ పులుసు పెట్టండి, ఆడపడుచు మాట తీసేసినట్టూ ఉండదు.