ఈ క్రిస్మస్‌కి ట్యాబ్ కొనాలా అని అడిగావు కదా: పెద్దమ్మ జవాబు

పర్లాకిమిడి, ఒడిశా,
నవంబరు రెండో ఆదివారం

అమ్మలూ,

నీకు, అల్లుడుగారికి, పిల్లలిద్దరికీ దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వెనకాల చిన్నది ఫోను కోసం రాగం తీస్తోంది, నువ్వు దాన్ని సముదాయిస్తూనే “పెద్దమ్మా, ఈ క్రిస్మస్‌కి ఒక ట్యాబ్ కొనిపడేస్తే ఈ పోరు తప్పుతుందంటావా?” అన్నావు. తప్పదే తల్లీ. ఇప్పుడు ఫోను కోసం కొట్టుకుంటున్నారు, అప్పుడు ఛార్జరు కోసం కొట్టుకుంటారు.

ఫోన్లు మానేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. పెద్దోడి హోంవర్కే వాట్సాప్‌లో వస్తుంటే ఎవరు మానగలరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మన చిన్నదాని వయసు పిల్లలు, అంటే రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లు, రోజుకి గంటకు మించి స్క్రీన్ ముందు కూర్చోకూడదు. తక్కువైతే ఇంకా మంచిదట. అది గుర్తుంచుకో చాలు. ఇక కానుకల సంగతికి వస్తాను.

సండే స్కూల్లో ముప్పై ఏళ్లు బహుమతులు కట్టి పంచినదాన్ని. అయినా నేనూ బోల్తాపడ్డాను. ఆ మధ్య మనవడికి ఖరీదైన బోర్డు ఆట ఒకటి తెప్పించాను. పెట్టె నిండా ముక్కలు, కార్డులు, ఇంగ్లీషులో రూల్సు పుస్తకం. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అల్లుడు ఆ రూల్సు చదవడం మొదలుపెట్టి మూడో పేజీ దగ్గర నిద్రపోయాడు. ఆ పెట్టె ఇప్పటికీ మా బీరువా మీదే ఉంది, దాని మీద నేను అప్పడాల డబ్బా పెట్టుకుంటున్నాను. అప్పటినుంచి ఏది కొన్నా ముందు ఒక్కటే అడుగుతాను: దీంతో ఆడుకునేటప్పుడు పిల్లాడి పక్కన ఎవరు కూర్చుంటారు? పేరు చెప్పగలిగితే కొంటాను, లేకపోతే లేదు.

తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మన జిల్లాని ఊడ్చేసింది. కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలే పోయాయి. మనకి కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చిపడ్డాయి. రెండోరోజు పిల్లలు గోడలు గీకుతుంటే మీ పెదనాన్న వరండాలో సుద్దముక్కతో పులిమేక పటం గీశారు. మూడు పులులకి మూడు గవ్వలు, పదిహేను మేకలకి చింతపిక్కలు. పటంలో 23 చోట్లు ఉంటాయి. పులి పక్కనున్న మేక మీంచి దూకి ఖాళీలో పడితే ఆ మేక పోయినట్టే, పులులు ఎటూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు. రూల్సు ఇంతే. అయినా కరెంటు వచ్చాక కూడా ఆ పటాన్ని వారం రోజులు ఎవరూ కడగనివ్వలేదు.

అందుకే పెద్దోడికి నా మొదటి సలహా ఇది. మంచి గట్టి ప్లైవుడ్ చెక్క ఒకటి వడ్రంగి దగ్గర కోయించి గరుకు కాగితంతో రుద్దించు. ఒక వైపు పులిమేక, రెండో వైపు అష్టాచెమ్మాకి ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు అల్లుడుగారి చేత పెయింటుతో గీయించు. గీతలు వంకరైతే అవనీ. గవ్వలు, పిక్కలు వేసుకోవడానికి నీ పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది అని ఒక చీటీ మీద రాసి సంచిలో పెట్టు. వాడు రూల్సు మర్చిపోతాడని కాదు, నువ్వు మర్చిపోతావని.

ఒక్క జాగ్రత్త. చింతపిక్కలు, గవ్వలు చిన్నదాని చేతికి అందనివ్వకు. మా పక్కింటి గుంటడు పిక్క ముక్కులో దోపుకుంటే రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ డ్యూటీ డాక్టరు లేడని గంట కూర్చోబెట్టారు. పిక్క తీసిన తర్వాత ఆ గుంటడు నవ్వుతున్నాడు, వాళ్లమ్మ మాత్రం ఏడుస్తోంది. పాటలు పాడే నక్షత్రాలు, వెలిగే బొమ్మలు సంతలో అమ్ముతారు చూడు, వాటిల్లో బొత్తాం లాంటి బ్యాటరీలు ఉంటాయి. అవి మరీ ప్రమాదం. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే లోపల గొంతు కాలిపోతుంది. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మని ఇంట్లోకి రానివ్వకు.

చిన్నదానికి లక్కపిడతలు కొను. ఏటికొప్పాకవి. విశాఖ వైపు ఎవరైనా వెళ్తుంటే చెప్పి తెప్పించు. అంకుడు కర్రని తిప్పుతూ దాని మీద లక్క పూస్తారు, రంగులు గింజల నుంచి, బెరళ్ల నుంచి తీస్తారు. 2017లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. మామూలు ప్లాస్టిక్ బొమ్మ కొంటే మాత్రం ఐఎస్ఐ మార్కు చూసుకో, 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి చేశారు. జీఐ ఉన్న చేతిపని బొమ్మలకి మినహాయింపు ఉంది కాబట్టి లక్కపిడతల మీద ఆ మార్కు కనపడకపోతే కంగారుపడకు. మన ఊరి కొమ్ము బొమ్మలు, ఆ కొంగలూ నెమళ్లూ, అద్దాల బీరువాలోకి బాగుంటాయి గానీ ముక్కులు వాడిగా ఉంటాయి, చిన్నదాని చేతికి వద్దు.

పిడతలు ఇచ్చి ఊరుకోకు. అది నీకు ఉత్తుత్తి టీ ఇస్తే నువ్వు నిజంగా ఊదుకుని తాగాలి. నువ్వు ఫోన్లో మాట్లాడుతూ “ఆ ఆ, బాగుందమ్మా” అన్నావనుకో, ఆ గుంట మర్నాడు పిడతలన్నీ మంచం కిందకి తోసేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెబుతాను. నక్షత్రం. అంగట్లో దొరికే మడత కాగితం నక్షత్రం కాదు, మన చిన్నప్పుడు మీ తాతయ్య కట్టేవారే, ఆ వెదురు నక్షత్రం. పెద్దోడికి ఆ సామాను మొత్తం ఒక సంచిలో పెట్టి ఇవ్వు. మేదరి వాళ్ల దగ్గర రెండేసి అడుగుల వెదురు బద్దలు పది చీల్పించాలి, నాలుగేసి అంగుళాల పుల్లలు ఐదు. ఐదు బద్దలు ఒకదాని కిందుగా ఒకటి దూర్చి కొసలు దారంతో కడితే ఒక నక్షత్రం. ఇలాంటివి రెండు. ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసల దగ్గర కట్టెయ్యాలి. తర్వాత లోపల బద్దలు కలుసుకునే ఐదు చోట్లా ఆ చిన్న పుల్లలు నిలబెట్టి బిగిస్తే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. వాడి కళ్లు వెడల్పయ్యేది ఆ నిమిషంలోనే, చూస్తూండు. తర్వాత మైదా జిగురుతో గ్లేజు కాగితం అంటించడం, లోపల చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టడం. కొవ్వొత్తి మాత్రం వద్దు, మీ తాతయ్య రోజుల్లో రెండు నక్షత్రాలు అలాగే తగలబడ్డాయి. వెదురు బద్దల అంచులు చేతులు కోస్తాయి, ముందే గరుకు కాగితంతో రుద్దించాలి.

ఈ సంచిని 25న ఇస్తే ఏం లాభం? డిసెంబరు మొదటి వారంలోనే ఇచ్చెయ్యి. కానుక క్రిస్మస్ పొద్దునే ఇవ్వాలని బైబిల్లో ఎక్కడా లేదు. జ్ఞానులు కూడా ఆ రాత్రికి అందుకోలేదు, వాళ్లు వచ్చేసరికి బాలయేసు ఇంట్లో ఉన్నాడని మత్తయి రాశాడు. క్యారల్స్ వాళ్లు మీ గుమ్మంలోకి వచ్చేసరికి వాడు కట్టిన నక్షత్రం వెలుగుతుండాలి. వచ్చిన వాళ్లందరికీ “ఇది నేనే కట్టాను” అని వాడు చెప్పుకోవాలి. వాడు తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా ఫరవాలేదు.

భాష సంగతి ఎలాగూ వచ్చింది. కిందటి ఎండాకాలం పెద్దోడు మా ఇంట్లో ఉన్నప్పుడు బస్సు బోర్డు ఒడియాలో చదివాడు, బిస్కెట్టు ప్యాకెట్టు ఇంగ్లీషులో చదివాడు, తెలుగు పాటల పుస్తకం ఇస్తే మాత్రం తలకిందులుగా పట్టుకున్నాడు. నవ్వుకున్నాను గానీ రాత్రి నిద్రపట్టలేదు. కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పుస్తకాలు రాసి, బడులు పెట్టిన ఊరు మనది. అలాంటి ఊరి మనవడికి మన అక్షరాలు రాకపోతే ఎలా?

కాబట్టి వాడికి నా కానుక నేనే తయారుచేస్తున్నాను. నాలుగు ఏ4 కాగితాలు సగానికి మడిచి మధ్యలో లావు దారంతో కుట్టాను, పదహారు పేజీలయ్యాయి. పేజీకి ఒక్క వాక్యం, పెద్ద అక్షరాలతో. కథ మీ తాతయ్యదే. గుణుపురం వెళ్లే చిన్న రైల్లో కొత్త గొడుగు మర్చిపోయి, అది కదిలాక పక్కనే పరిగెత్తి కిటికీలోంచి లాక్కున్నారు చూడు, అది. ఆ రైలు అంత మెల్లగా పోయేదంటే వాడు నమ్మడు. బొమ్మలు వేయలేదు, ఆ ఖాళీలు వాడే నింపాలి. పుస్తకంతో పాటు నా అడ్రసు రాసిన పోస్టుకార్డులు పన్నెండు పెడుతున్నాను. నెలకొకటి తెలుగులో రాసి పంపాలి. మొదట్లో “పెద్దమ్మమ్మా బాగున్నావా” అని ఒక్క ముక్క రాసినా చాలు. తప్పులు నువ్వు దిద్దకు, అలాగే పంపనీ. కొన్న పుస్తకాలు కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి, సికిందరాబాదు మంచి పుస్తకం వాళ్లవి తెప్పించుకోవచ్చు. తక్కువ ధరలోనే ఉంటాయి, అక్షరాలు కూడా పెద్దవి.

ఇంటికంతటికీ కలిపి ఒకటే కొనాలంటే క్యారమ్ బోర్డు. అందులో పిసినారితనం చేయకు. పల్చటి చిన్న బోర్డు నెలకి వంగిపోతుంది, దాని మీద ఓడిపోయినవాడు తప్పంతా బోర్డు మీదకే తోస్తాడు. ఇది నిజానికి అల్లుడుగారి కోసం చెబుతున్నాను. రాత్రి భోజనమయ్యాక ఆయన మంచం మీద వాలి ఫోను చూస్తుంటే పిల్లలకి ఎన్ని కొనిపెట్టినా దండగే. ఆయనతో నువ్వు పోట్లాడకు, బోర్డు మధ్యగదిలో వేసి పౌడరు చల్లి “రెడ్డు నేనే కొడతాను” అను. మగవాళ్లు ఆ మాట విని పడుకోలేరు.

ఇంకొక్క మాట. కానుక ఇచ్చేటప్పుడు “ఇక ఫోను ముట్టుకోకూడదు, తెలిసిందా” అని మాత్రం అనకు. పులిమేక పటం శిక్షలా కనపడితే వాడు దాని వైపు చూడడు.

24 మధ్యాహ్నం బండికి మీరు నలుగురూ వచ్చేస్తారని అనుకుంటున్నాను. అరిసెల పాకం 23నే పడతాను, చిన్నదానికి ఉండలు చేసే పని ఉంచుతాను. వెదురు బద్దలు ఇక్కడే చీల్పించి రుద్దించి, వచ్చే వారం ఎవరైనా మీ రాయగడ వస్తే పంపిస్తాను. ఎర్ర గ్లేజు కాగితం మా వీధి కొట్లో అయిపోయింది, పచ్చదే ఉందంటున్నాడు. మీ నక్షత్రానికి కొనేటప్పుడే మా గుమ్మం నక్షత్రానికి కూడా నాలుగు ఎర్ర షీట్లు తీసి ఉంచు, వచ్చేటప్పుడు మడవకుండా చుట్టి తీసుకురా.

మీ పెద్దమ్మ