ఎనిమిదో తరగతిలో ఉన్న పాపను ప్రైవేటు బడికి మార్చాలా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర హసన్‌పర్తి. ఆటో నడుపుతాను. మా పాప ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏడులో మంచి మార్కులే వచ్చినయి. మా బావగారి పిల్లలు హన్మకొండలో ప్రైవేటు బడికి పోతరు. సర్కారు బడిలో పది రాస్తే ముందుకు పోలేదని, తొమ్మిదిలోనే మార్చమని ఇంట్లో అందరూ అంటున్నరు. అప్పు చేసైనా మార్చాలా?

జవాబు: మార్చకండి. అప్పు చేసి మాత్రం అసలే మార్చకండి. సర్కారు బడి అంటే మోజు ఉండి ఈ మాట చెప్పడం లేదు. బడి మారితే పాప ఏం పోగొట్టుకుంటుందో మీ ఇంట్లో ఎవరూ లెక్క వేసినట్టు లేదు. ముందు ఆ లెక్క చూద్దాం.

ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) అని కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. దాని పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, తర్వాత రాసే వీలు లేదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఆ అవకాశం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000 వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. మీ పాపకు ఇవన్నీ సరిపోయేట్టే ఉన్నాయి. ఎంపికయ్యాక ప్రైవేటు బడికి మారితే మాత్రం ఆ డబ్బు ఆగిపోతుంది. మీరు అక్కడ కట్టే ఫీజుకు ఇక్కడ పోయే ఈ మొత్తాన్ని కూడా కలిపి చూసుకోవాలి.

పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. మొదటిది మ్యాట్, అంటే బుర్రకు పదును పెట్టే లెక్కలు: అంకెల వరుసలు, కోడింగ్, రక్త సంబంధాలు, క్యాలెండర్, పాచికలు, బొమ్మల పోలికలు. రెండోది శాట్, అంటే బడి పాఠాల మీద ప్రశ్నలు. అందులో సైన్స్ 35, సోషల్ 35, మ్యాథ్స్ 20 ప్రశ్నలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. రెండు పేపర్లూ కలిపి 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 32. అవి దాటినంత మాత్రాన ఎంపికైనట్టు కాదు. మెరిట్‌లో పైన ఉండాలి.

ఈ పరీక్షలో పిల్లలు దెబ్బతినే చోట్లు నాలుగు కనిపిస్తాయి. శాట్‌లో ఏడో తరగతి పాఠాలూ వస్తాయి. ఆ పుస్తకాలేమో ఎండాకాలంలోనే పాతసామాన్లకు పోయి ఉంటాయి. బడిలో ఎవరి దగ్గరైనా అడిగి ఈ వారమే తెచ్చిపెట్టండి. రెండోది మ్యాట్. దాన్ని మామూలుగా పీరియడ్లలో చెప్పరు, విడిగా సాధన చేయాల్సిందే. రోజుకు అరగంటలో 20 ప్రశ్నలు, ఆదివారం గడియారం పెట్టుకుని ఒక పూర్తి పేపరు చేయిస్తే నాలుగు నెలల్లో చేయి తిరుగుతుంది. మూడోది ఓఎమ్మార్ షీటు, అంటే జవాబులకు గడులు నింపే కాగితం. రాని ప్రశ్నను వదిలి ముందుకు పోయిన పిల్ల గడి వదలడం మరిచిపోతుంది, అక్కడి నుంచి జవాబులన్నీ ఒక వరుస జరిగిపోతాయి. ఖాళీ షీట్లు జిరాక్స్ తీయించి ఇంట్లోనే దిద్దించండి. నాలుగోది ఎంపికయ్యాక జరిగే పొరపాటు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో తొమ్మిదిలో కొత్తగా, ఆ తర్వాత ఏటా రెన్యువల్‌గా దరఖాస్తు పెట్టాలి. పాప పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండాలి. ఒక్క ఏడాది మరిచిపోయినా ఆ ఏటి డబ్బు రాదు. పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) వస్తేనే ఇంటర్‌లో కొనసాగుతుంది. ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి.

ఇక బాసర. నిర్మల్ జిల్లాలోని ఆర్జీయూకేటీలో (అందరూ బాసర ట్రిపుల్ ఐటీ అంటారు) పది అయిన పిల్లలను ఆరేళ్ల కోర్సుకు తీసుకుంటారు, రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్లు బీటెక్. సీట్లు పది మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివినవారి స్కోరుకు పదిలో జీపీఏ (మార్కులకు బదులు గ్రేడు పాయింట్లు) ఉన్న రోజుల్లో 0.4 కలిపేవారు. ఇప్పుడు మెమోల్లో జీపీఏ బదులు మార్కులు ఇస్తున్నారు కాబట్టి, పాప పది రాసే ఏడాది ఎంత కలుపుతారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. అక్కడ సీటు దగ్గర ఒక్కో పాయింటూ లెక్కకొస్తుంది. మీ బావగారి పిల్లలకు ఈ కలుపుడు ఉండదు.

అయినా ఇవన్నీ పక్కన పెట్టి బడి మార్చాల్సిన కారణం ఒకటుంది: పాఠం జరగకపోవడం. అది ఇంట్లో కూర్చుంటే తెలియదు. ఒక పూట కిరాయిలు మానుకుని బడికి పోండి. పెద్దసారును మర్యాదగా అడగండి: తొమ్మిది, పది తరగతులకు మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, ఇంగ్లీషు చెప్పేవారు ఉన్నారా, ఏదైనా పోస్టు ఖాళీగా ఉందా? తర్వాత పాప నోటు పుస్తకాలు తిరగేయండి. ఎర్ర ఇంకు దిద్దుబాట్లు, కింద తేదీలు చూడండి. మ్యాథ్స్ నోట్సులో నెల రోజులుగా దిద్దుడు లేకపోతే ఆలోచించాల్సిందే. పోస్టు ఖాళీగా ఉంటే, పక్క బడి నుంచి సారును సర్దుబాటు చేయమని తల్లిదండ్రులంతా సంతకాలు పెట్టి ఎంఈవోకూ (మండల విద్యాధికారి) డీఈవోకూ (జిల్లా విద్యాధికారి) దరఖాస్తు ఇవ్వవచ్చు. బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటుంది, పాప వాళ్ల అమ్మను ఆ సమావేశాలకు పంపండి. ఆ ఖాళీ నిండేదాకా ఆ ఒక్క సబ్జెక్టుకే ట్యూషన్ పెట్టించండి. అన్ని సబ్జెక్టులకూ ట్యూషన్ పెడితే పాపకు సొంతంగా చదువుకునే గంట మిగలదు.

బడికి పోయినప్పుడు ఆడపిల్లల బాత్‌రూములు కూడా చూడండి. నీళ్లు రాకపోతే పిల్లలు పొద్దంతా మంచినీళ్లు తాగకుండా ఉంటారు, నెలసరి రోజుల్లో బడి మానేస్తారు. ఏటా ఇట్ల పోయే రోజులు లెక్కేస్తే చాలా పాఠాలు పోయినట్టే. పదో తరగతికి 75 శాతం హాజరు తప్పనిసరి. ఇది మాట్లాడటానికి తండ్రులు మొహమాటపడతారు, పడొద్దు.

మార్కుల సంగతి. పదిలో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 ఇంటర్నల్‌కు. ఆ 20 ఏడాదిలో జరిగే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల (మధ్యమధ్యలో బడిలోనే పెట్టేవి) సగటు. ఒక్కో ఫార్మేటివ్‌లో క్లాసులో పాల్గొన్నందుకు 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. ప్రాజెక్టును ఎవరిదో చూసి ఎక్కించడం, రాతపని చివరి రోజున కుప్పగా రాయడం అలవాటైతే ఈ మార్కులు పోతాయి. తొమ్మిదిలోనూ ఇదే పద్ధతి కాబట్టి అక్కడే అలవాటు చేయించండి.

ఇంగ్లీషు మీడియం భయం మీ ఉత్తరంలో లేదు కానీ, మీ ఇంట్లో మాటల వెనుక అదే ఉందనుకుంటాను. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదికి, పదికి పెరిగింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా అదే పాఠం తెలుగు. చాలామంది పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థమైందని పుస్తకం మూసేస్తారు, పరీక్షలో ఇంగ్లీషులో వాక్యం రాయలేరు. పాపతో ఇలా చేయించండి: తెలుగు పేజీ చదవాలి, తర్వాత ఇంగ్లీషు పేజీని గొంతెత్తి చదవాలి, పుస్తకం మూసి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాయాలి, తెరిచి సరిచూసుకోవాలి. రోజుకు ఒక్క పాఠభాగం చాలు. మీకు ఇంగ్లీషు రాకపోయినా పక్కన కూర్చుని వినవచ్చు. ప్రైవేటు బడిలో ఇంతకంటే వేగంగా వస్తుందని హామీ లేదు. పైగా ఇక్కడే చదివితే, రోజూ రానుపోను బస్సులో గడిచే సమయం ఈ పనికే మిగులుతుంది.

ఇంకొకటి, దీన్ని అందరూ పది హాల్‌టికెట్ వచ్చాకే గుర్తు చేసుకుంటారు. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పాప పేరు, ఇంటిపేరు, మీ దంపతుల పేర్లు, పుట్టిన తేదీ ఎట్లున్నాయో ఇప్పుడే చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, రిజిస్టర్‌లో ఒక్క అక్షరమే ఉంటే స్కాలర్‌షిప్ దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. తప్పుంటే జనన ధ్రువపత్రంతో ఇప్పుడే సరిచేయించండి. పది మెమో మీద అచ్చైన పుట్టిన తేదీని తర్వాత మార్పించడం చాలా కష్టం.

పది తర్వాత దారులు చాలానే ఉన్నాయి. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి, ఇంజినీరింగ్ డిప్లొమాకు అందులో మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30 ప్రశ్నలు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. వాటి వివరాలు పాప తొమ్మిదికి వచ్చాక మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది రెండు పనులు. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి, కుల ధ్రువపత్రం లేకపోతే అదీ పెట్టండి. రెండు కాగితాలు, ఏడో తరగతి మార్కుల వివరాలు పట్టుకుని బడికి పోయి, ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు ఎప్పుడు పెడతారో పెద్దసారును అడగండి. దరఖాస్తు బడి ద్వారానే ఆన్‌లైన్‌లో పోతుంది. పరీక్ష సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో ఉంటుంది. మీ పాప తరగతిలో ఇంకెందరు రాయగలరో కూడా అడగండి. నలుగురైదుగురు కలిసి చదివితే మ్యాట్ లెక్కలు ఒకరికొకరు చెప్పుకుంటారు.